రైట్ అంటే ఏ రైట్?

ట్రైలర్ లారీ నడపడం నేర్పే మాస్టారికి నేనంటే మొదటిరోజే పడలేదు. కాటా గదిలో బళ్ల బరువుల చీటీలు రాసే ఆడపిల్ల, అందులోనూ డిగ్రీ చదివిన పిల్ల, ట్రైలర్ నేర్చుకుంటానని దరఖాస్తు పెట్టడం తనను వెక్కిరించినట్టే అనిపించింది ఆయనకి.

"ఏమ్మా డిగ్రీ, కుర్చీ గుచ్చుకుంటోందా?" అన్నాడు.

గుచ్చుకోలేదు. నాలుగేళ్లు చీటీలు రాశాక ఆ బళ్లు ఎక్కడిదాకా పోతాయో నా కళ్లతో చూడాలనిపించింది, అంతే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. కోరుకున్నది అడగడం తప్పుకాదని అది నాకు నేర్పింది.

ఆ రోజే తప్పు చేశాను. ట్రైలర్‌ని వెనక్కి నడపడం మామూలు లారీని నడిపినట్టు కాదు. ముందు ఇంజన్ బండి వేరు, వెనక పెట్టె వేరు, మధ్యలో మోకాలిలా మడుచుకుంటుంది. స్టీరింగు కుడికి తిప్పితే పెట్టె తోక ఎడమకి పోతుంది. ఆ తిరకాసుతో నేను కుస్తీ పడుతుంటే వెనకనుంచి ఆయన "రైట్ రైట్!" అని కేకేశాడు. కుడికి తిప్పేశాను. తోక ఎడమకి కొట్టి షెడ్డు స్తంభాన్ని వంచింది.

"బస్సెక్కే పసిపిల్లకి కూడా తెలుసే రైట్ అంటే పోనిమ్మని!"

"కుడి కూడా రైటే కదా మాస్టారూ. బండి రావాలంటే రానీ అనండి. పక్కకైతే కుడి, ఎడమ అనండి."

"ముప్పైయేళ్లుగా రైట్ అంటున్నా. నీ కోసం నా నోరు మార్చుకోవాలా?"

అప్పటినుంచి యార్డులో నా పేరు రైటమ్మ. పెట్టింది మా బావే, అక్క మొగుడు. ఆయన ఇక్కడే ట్రైలర్ పరీక్ష మొదటిసారికే పాసయ్యాడు. "మరదలు పిల్లా, కాటా గదిలో నీ కుర్చీ దుమ్ము దులిపి ఉంచారు" అని ఎదురైనప్పుడల్లా అంటాడు. నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోతుంది.

రెండుసార్లు పరీక్ష తప్పాను. మూడోసారి కూడా తప్పితే ఇక బండి ఎక్కనివ్వరు.

పరీక్ష ఇది. రెండు కోన్ల మధ్యనుంచి ట్రైలర్‌ని వెనక్కి తెచ్చి, సరుకు దించే ప్లాట్‌ఫారానికి ఆనించాలి. అనుమానమొస్తే రెండుసార్లు దిగి చూసుకోవచ్చు. మూడోసారి దిగితే ఫెయిల్. వెనకనుంచి దారి చెప్పడానికి మాస్టారు ఉంటాడు. యార్డు గోడ మీద ఇంకో మాట కూడా రాసి ఉంది: దారి చెప్పే మనిషి అద్దంలో కనబడకపోతే బండి ఆపాలి. దాన్ని ఎవరూ చదవరు. నాకు మాత్రం రాసి ఉన్నదాన్ని నమ్మడం అలవాటు.

నా మూడో పరీక్ష రోజు మధ్యాహ్నం, పరీక్ష పెట్టే ఆవిడ అట్ట పట్టుకుని ఎండలో నిలబడింది. బావ డ్రమ్ము మీద కూర్చున్నాడు. నేను అప్పటికే రెండుసార్లు దిగాను.

"దిగుడే దిగుడు! మెట్లు అరిగిపోతాయే రైటమ్మా!" అంటున్నాడు బావ.

ఇంకో ఆరడుగులు ఉందనగా అద్దంలో మాస్టారు మాయమయ్యాడు. ఈ అద్దంలో లేడు, ఆ అద్దంలోనూ లేడు. మాట మాత్రం వినిపించింది.

"రైట్."

ఏ రైట్? రమ్మనా, కుడికనా? నా కాలు బ్రేకు మీదే ఉంది.

"రైటన్నాడుగా, రానీవే!" అని అరిచాడు బావ.

కాలు తీస్తే పాసు. దిగితే జీవితమంతా చీటీలు. హ్యాండ్‌బ్రేకు వేశాను. ఇంజన్ ఆపి, తాళం చేత్తో పట్టుకుని దిగాను.

పెట్టె తోకకీ ప్లాట్‌ఫారానికీ మధ్య మాస్టారు వంగి ఉన్నాడు. గాలికి పడి అక్కడికి దొర్లిన కోను తీసుకుంటున్నాడు; అది చేతికందినందుకు తనలో తాను అనుకున్నదే ఆ రైట్. లేచి చూస్తే ఎదురుగా నేను.

"మూడోసారి దిగావ్! ఫెయిల్!"

"మీరు అద్దంలో లేరు."

"రైట్ అన్నానుగా!"

"ఏ రైట్ మాస్టారూ?"

ఆయన తన వీపు వెనకున్న ప్లాట్‌ఫారాన్నీ ముందున్న పెట్టెనీ ఒకసారి చూసుకుని, కోను చంకలో పెట్టుకున్నాడు.

ఆవిడ వచ్చింది. "మీరెక్కడున్నారు అప్పుడు?"

"పక్కనే ఉన్నాడండీ, నేను చూశా" అన్నాడు బావ డ్రమ్ము మీదనుంచే.

మాస్టారు బావ వైపు కొరకొరా చూశాడు. "నువ్వు మూసుకోరా. నీ చేతిలో స్టీరింగుంటే ఈపాటికి నన్ను గోడకి అతికించేవాడివి." తర్వాత నా వైపు చూడకుండా, ఉమ్మేసినట్టు చెప్పాడు. "వెనకాల ఉన్నానండీ. తప్పు నాదే."

ఆవిడ కాగితం మీద మూడో దిగుడుకి పెట్టిన గీతని కొట్టేసింది. "ఇది లెక్కలోకి రాదు. ఎక్కమ్మా."

ఎక్కాను. ఈసారి అద్దంలో నిండుగా కనబడ్డాడు, చంకలో కోను, మొహం నిండా మంట. ఎవరో పీక పట్టుకుని పలికించినట్టు:

"రానీ."

బ్రేకు వదిలాను.

"రానీ... రానీ... నీ డిగ్రీ తగలెయ్య, కొంచెం కుడి... రానీ... హోల్డాన్!"

పెట్టె మెత్తగా ప్లాట్‌ఫారానికి ఆనింది. ఆవిడ సంతకం పెట్టింది. డ్రమ్ము ఖాళీ, బావ ఎటు పోయాడో చూడలేదు.

మాస్టారు వచ్చి అరచేత్తో తలుపు మీద ఫట్టున కొట్టాడు.

"దిగు. ఇప్పుడు ఎన్నిసార్లు దిగుతావో దిగు."