పొడి కోత

సొంత డబ్బుతో కొన్న యంత్రం మీద, ఎవరూ బలవంతపెట్టకుండానే రాళ్ళు కోసిన మనిషి ఊపిరితిత్తులు గట్టిపడితే, ఆ నేరం ఎవరిది? అహల్య ఈ మాట దవాఖానలో అడిగింది, సాయం కోసం వెళ్ళిన ప్రతిచోటా అడిగింది. అందరూ యజమాని పేరేమిటని ఎదురడిగారు.

ఆమె భర్త మహీధర్‌కు యజమాని లేడు. ఏటా దసరా వెళ్ళగానే ఇద్దరూ కచ్ ఎడారికి బయలుదేరేవారు. పొద్దుటి ఎండ నేలబారుగా పడే వేళ, సూర్యుడికి ఎదురుగా నడుస్తూ, ఎండిన వాగుల్లో లోపలినుంచి వెలిగే, అకీక్ అనే రంగురాళ్ళను ఏరేవారు. తాగడానికే నీళ్ళు చాలని చోట రాయిని కడిగే మాటే లేదు. మహీధర్ నాలుకతో తడిపి రంగు చూసేవాడు. "రుచి ఎట్లున్నది?" అని అహల్య ఎగతాళి చేస్తే, "నీ చారు కంటె నయమే" అనేవాడు. బస్తాలు రైలెక్కి అబిడ్స్ వెనక సందులోని ఇంటికి చేరేవి. జనవరి రాగానే నాంపల్లి ఎగ్జిబిషన్‌లో వాళ్ళ దుకాణం వెలిసేది.

నీళ్ళు తగిలితే ఎంత పనికిమాలిన రాయైనా నిగనిగలాడుతుంది. అందుచేత తడిపి అమ్మేవాడు దొంగ. ఇదే మహీధర్ ధర్మశాస్త్రం. కొనేవాళ్ళ కళ్ళెదుట, చుక్క నీరు లేకుండా రాయిని కోసి చూపేవాడు. తెల్లటి ధూళి లేచేది. ముక్కుకు దస్తీ కట్టుకుంటే చాలనుకున్నాడు. జనం చప్పట్లు కొట్టేవారు. దగ్గు మొదలయ్యాక క్షయ అన్నారు, మందులు మింగించారు. చివరికి ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, అది రాతిధూళి అనీ, లోపలికి పోయినది ఇక బయటికి రాదనీ, మళ్ళీ పీలిస్తే ప్రాణానికే ముప్పనీ చెప్పింది.

ఈ ఏడు కోత పని అహల్య తీసుకుంది. యంత్రం కోతచక్రం మీద నీళ్ళు సన్నగా పడేట్టు ఒక సీసా కట్టింది. మహీధర్ వెనక స్టూలు మీద కూర్చునేవాడు.

హిమాయత్‌నగర్ నుంచి ఏటా వచ్చే మృదుల టీచర్, చుట్టాలను వెంటబెట్టుకొని వచ్చి, గుండ్రటి రాయి ఒకటి ఎంచింది.

"ఏంది అహల్యమ్మా, నీళ్ళు పోస్తున్నరు? మీరు గూడ అందరి లెక్కనే అయిన్రా?"

"దుమ్ము లేవకుండ పోస్తున్న టీచరమ్మా. ఆయనకు పాణం మంచిగ లేదు. ఆరినంక చూడున్రి, గదే రంగుంటది."

"ఆరేదాంక గీడనే కూసోవాల్నా? అన్నా, జర నువ్వు కోసియ్యి. నీ కోత చూపిద్దమనే వీళ్ళను తీస్కొచ్చిన."

వెంట వచ్చినామె నవ్వింది. "పోనియ్యక్కా. నీళ్ళు గుమ్మరిస్తే మా ఇంటి గచ్చు గూడ గిట్లనే మెరుస్తది."

మహీధర్ లేచాడు. అహల్య చేయి అడ్డం పెట్టింది.

"వద్దు. బేరం పోతే పోనియ్యి."

"బేరం కాదు. మనల్ని దొంగలంటున్నరు. ఒక్కటే కోస్త, అహల్యా."

సీసాను పక్కకు జరిపాడు. దస్తీ సైతం కట్టుకోలేదు. యంత్రం అరిచింది, తెల్లటి మబ్బు అతని ముఖాన్ని కప్పేసింది. రాయి రెండుగా విడిపోగా లోపల తేనెరంగు చారలు బయటపడ్డాయి. చప్పట్లు మోగాయి. మహీధర్ బల్ల పట్టుకొని, ఊపిరి అందక వంగిపోయాడు.

"అయ్యో, నీళ్ళు తాపున్రి," అంది మృదుల, ముక్కలను సంచిలో వేసుకుంటూ.

ఎగ్జిబిషన్ ముగిసేలోగా మహీధర్ పోయాడు. పరామర్శకు వచ్చిన మృదుల కళ్ళు తుడుచుకుంది. "ఆ రాయి మా హాల్లనే పెట్టిన. చూసినప్పుడల్ల అన్ననే యాదికొస్తడు," అంది. అహల్య తలుపు తీసి పట్టుకుంది, ఆమె వెళ్ళేదాకా.

రాయి అసలుదా అని అడిగే హక్కు మీకుంది. ఋజువుగా ఒక మనిషి ఊపిరిని అడిగే హక్కు లేదు. ఇకమీద మీ ముందు ఎవరైనా పొడిరాయిని యంత్రానికి ఆనిస్తే, ఆపించండి. నీళ్ళు పోసి కోయమనండి. అది ఆరేదాకా అక్కడే నిలబడండి.