పొద్దుటి మొదటి పేషెంటు

పళ్ల డాక్టరుగారి దగ్గర పదహారేళ్లుగా పనిచేస్తున్న నర్సు, ఐదు నెలలుగా కన్నతల్లిని ముట్టుకోలేదు. మనసు లేక కాదు. పన్ను అరగదీసే యంత్రం పేషెంటు నోట్లోంచి తుంపర చిమ్ముతుంది. అందులో కరోనా వైరస్ ఉందో లేదో కంటికి కనబడి చావదు. అమ్మకేమో ఊపిరితిత్తులు అంతంతమాత్రం. అందుకే ఇంటికి రాగానే స్నానం, ముందుగదిలో పడక, గుమ్మం అవతలి నుంచే మాటలు.

అమ్మ మూతి ముడుచుకుంది. "ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ కడుగుతుంది గానీ, నా దగ్గరికి రావడానికే దానికి చేతకాదు," అని పక్కింటావిడతో చెప్పుకుంది, కూతురికి వినబడేలాగే.

అలాంటి అమ్మకు దవడ వాచింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మూడు రోజులు దాచింది. నాలుగోనాడు జ్వరం తగిలేసరికి దాపరికం కుదరలేదు.

"మందులతో తగ్గేది కాదు, తీసెయ్యాలి," అన్నారు డాక్టరుగారు ఫోనులో. "యంత్రం వాడకుండా చేత్తోనే తీస్తాను. రేపు పొద్దున్నే, ఎవరూ రాకముందే రమ్మను."

మర్నాడు నర్సు ముందుగా ఆస్పత్రికి వెళ్లి కిటికీలు బార్లా తెరిచింది. కుర్చీ, లైటు పిడి, తలుపు గొళ్లెం, దేన్నీ వదలకుండా తుడిచింది. పక్కింటావిడ అమ్మను గుమ్మం దాకా దింపి వెళ్లింది. డాక్టరుగారు మత్తు సూది వెయ్యబోతూ, పటకారు ఉన్న పొట్లం ఇమ్మన్నారు.

నర్సు ఇవ్వలేదు. పరికరాల మీది క్రిముల్ని చంపే ఆవిరి పెట్టెలో వేడి సరిగ్గా తగిలితే పొట్లం మీది చారలు నల్లబడాలి. ఇవి బూడిదరంగు దగ్గరే ఆగిపోయాయి. నిన్న కంగారులో పెట్టెను కుక్కి కుక్కి నింపింది తనే.

"తప్పు నాదే సార్. మళ్లీ పెడతాను."

"అరగంట పైనే పడుతుంది. పెద్దావిడ నొప్పితో ఉన్నారు."

"ఓర్చుకుంటుంది సార్. ఇది మా అమ్మ నోట్లోనే కాదు, ఎవరి నోట్లోనూ పెట్టనివ్వను."

గ్లవుజులు తీసి మళ్లీ చేతులు కడుక్కుంటుంటే అమ్మ చూసింది. కడిగీ కడిగీ వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఉంది.

"ఆ చేతులేమిటే?"

"రోజుకి యాభైసార్లు కడుక్కోవాలి కదమ్మా."

అమ్మ ఆ చేతుల వంకే చూస్తూ కూర్చుంది. ఆ అరగంటా మూలగలేదు కూడా.

ఈసారి చారలు బొగ్గులా నల్లబడ్డాయి. పన్ను తీసేటప్పుడు పేషెంటు తల కదలకుండా పట్టుకోవడం నర్సు పని. రెండు జతల గ్లవుజులతోనే అమ్మ తలను పొదివి పట్టుకుంది. ఐదు నెలల తర్వాత అమ్మ వెచ్చదనం అరచేతులకు తగిలింది. ముఖానికి కట్టుకున్న ప్లాస్టిక్ షీల్డు లోపల కళ్లు తుడుచుకునే వీల్లేదు, కారనిచ్చింది.

పన్ను ఇట్టే వచ్చేసింది.

"అయిపోయిందండీ, లేవొచ్చు."

అమ్మ లేవలేదు. నోట్లో దూదితో ముద్దముద్దగా అంది: "ఇటుపక్కది కూడా కదుల్తోంది బాబూ."

డాక్టరుగారు ఆ పన్నును తట్టి చూశారు. రాయిలా ఉంది. అమ్మ తల మీదే ఉండిపోయిన నర్సు చేతుల వంక ఓసారి చూశారు.

"అవునండీ, చూడాల్సిందే," అన్నారు. "నేను చేతులు కడుక్కుని వస్తాను. అందాకా తల అలాగే పట్టుకో, వదలకు."