సోమవారం వాయిదా

వరండాలో ఎంతమంది ఉన్నారో తొంగిచూసి రోజారాణి చాయ్‌గిన్నెలో ఇంకో లోటా నీళ్లు పోసింది. వేల్పూర్ నుంచి పసుపు రైతులు ఎంపీని కలవాలని వచ్చారు. మాట్లాడుతున్నది ఆమె భర్త గంగాధర్. ఎంపీ వంటింట్లో అల్లం దంచుతోంది.

పార్లమెంటు సమావేశాలు ముగిసి ఆమె నిన్ననే ఆర్మూర్ వచ్చింది. కోడలు ఊళ్లో ఉంటే అత్త సత్తవ్వ వంటమనిషిని రానివ్వదు. “ఎంపీవైతే ఢిల్లీల. గీడ నా కోడలివే,” అంటుంది. పసుపు ధర మీద కోడలు సభలో మాట్లాడుతుంటే టీవీలో చూసి ఆవిడ అన్నదొక్కటే: “కొంగు జర సర్దుకునేదుండె.” ఆ ప్రసంగం రాసింది గంగాధర్. ఇన్నేళ్లు వకీలుగా ఇక్కడి కోర్టులో కాగితం చూడకుండా వాదించిన రోజారాణి, అక్కడ నిలబడి మొగుడి కాగితం చదివింది. పార్టీ ఈసారి మహిళకే టికెట్ అన్నప్పుడు, “నువ్వు సంతకాలు వెట్టు చాలు, కడమది నేన్ జూస్కుంట,” అన్నాడతను. నిజంగానే చూసుకుంటున్నాడు. ఫోన్ అతనే ఎత్తుతాడు. తను ఎవరికేం మాటిచ్చిందో మర్నాడు పేపర్లో చూసి తెలుసుకుంటుంది. తనకు కోపమెందుకు రావడం లేదా అని ఒక్కోసారి భయం వేస్తుంది. కోపానికీ కాస్త తీరిక కావాలేమో.

వరండాలో ఆడగొంతు వినిపించింది. “మేడంను ఒక్కపారి కలుస్త సార్.”

ప్రవళిక. మొగుడు శ్రావణ్ కొట్టి వెళ్లగొట్టి, మూడేళ్ల కూతుర్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. పాపను ఇప్పించమని కేసు వేసింది రోజారాణే. వకీలుగా ఆమె పట్టిన ఆఖరి కేసు అది. టికెట్ రాగానే ఆ ఫైలు జూనియర్ చేతికి పోయింది.

“మేడం బిజీ ఉన్నది,” అన్నాడు గంగాధర్. “శ్రావణ్ మన పార్టీ పిలగాడు. కేసు వాపస్ తీస్కో. వారానికోపారి బిడ్డను చూపియ్యమని నేన్ చెప్త.”

“నా బిడ్డను నాకే చూపిస్తడా సార్?”

రోజారాణి చేతిలోని రోకలి ఆగిపోయింది. తన పదవిని కూడా ఈ ఇంట్లో తనకు ఇట్లాగే అప్పుడప్పుడు చూపిస్తున్నారు. స్టవ్ ఆర్పేసి, ఉత్త చేతులతో వరండాలోకి నడిచింది.

“వాయిదా ఎప్పుడు ప్రవళికా?”

“సోమవారం మేడం. జూనియర్ సార్ రాజీ అయిపొమ్మంటున్నడు.”

“రాజీ లేదు. నేనొస్త.”

గంగాధర్ నవ్వబోయి ఆగాడు. “ఎంపీవి నువ్వు. కోర్టుల నిలబడి మన పిలగాని మీదనే వాదిస్తవా? పార్టీల నా ఇజ్జత్ ఏంగావాలె?”

రైతులు తలలు దించుకున్నారు. ప్రవళిక అతని వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. “సార్ ఒప్పుకుంటడా మేడం?”

లక్షల మంది ఓటేసి గెలిపించిన మనిషిని ఆ పిల్ల అడిగిన ప్రశ్న అది. అందులో వెటకారం లేదు, దిగులే ఉంది.

“నేను అడుగుతలేను,” అంది రోజారాణి.