మగ్గం ఆగినా లేవని పిల్ల

సుంకప్ప మగ్గం ఆపి గుంటలోంచి కాళ్ళు పైకి తీశాడు. పక్కనే చీర ఉయ్యాలలో ఈరమ్మ కదలలేదు.

"సూడు, బిడ్డకు నిద్ర ఎంత బాగా పడతాందో" అన్నది అతని తల్లి గంగమ్మ. "ఆస్పత్రిలో పదైదు దినాలు కంటి మీద కునుకు లేదు పాపం."

కోడలు సుభద్రమ్మ పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయింది. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళలో పుట్టిన పిల్లలు చప్పుడుకు లేవరు, చప్పుడు ఆగితే లేస్తారు. రెండేళ్ళ ఈరమ్మ మరీను. పోగు తెగి మగ్గం నిమిషం ఆగినా తల ఎత్తి ఏడుపు లంకించుకునేది. ఆస్పత్రి నుంచి వచ్చి పదకొండు రోజులు. మగ్గం ఎన్నిసార్లు ఆగిందో! పిల్ల ఒక్కసారీ లేవలేదు. అందరూ దాన్ని ఆరోగ్యమే అనుకున్నారు. ఈ పూట దాకా సుభద్రమ్మ కూడా అనుకుంది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆడుకుంటున్న పిల్ల వెనక ఇత్తడి చెంబు జారవిడిచింది. చెంబు బండల మీద దొర్లుకుంటూ గడప దాకా పోయింది. పిల్ల తల తిప్పలేదు.

ఆదోని ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందే చెప్పింది. జ్వరంతో ఫిట్సు వచ్చి పిల్ల కొయ్యబారిపోయిన రోజది. "మెదడు మీది పొరకు చీము పట్టినట్టుంది. వెన్నులోంచి నాలుగు చుక్కల నీళ్ళు తీసి చూస్తే ఏ మందు వెయ్యాలో తెలుస్తుంది. ఈ జబ్బు తగ్గినా చెవులకో కండ్లకో దెబ్బ తగలొచ్చు. నెల తర్వాత మళ్ళీ తెచ్చి చూపించాల."

"ఎన్నులో నీళ్ళు తీస్తే బిడ్డ మనిషి కాదు" అని గంగమ్మ అడ్డం పడింది. అమ్మ ఎట్లంటే అట్లే అని సుంకప్ప ఊరికి వెళ్ళిపోయాడు. సుభద్రమ్మ కూడా వద్దనే చెప్పింది. ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోయాయి. మర్నాడు పొద్దున ఫిట్సు ఆగకుండా వస్తుంటే, అత్త టీకి పోయిన సందులో ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసేసింది.

"ఎవుర్ని అడిగి ఏసినావు? బిడ్డకు ఏమన్నా అయితే నీదే పూచీ" అన్నాడు తిరిగొచ్చిన సుంకప్ప. పిల్ల బతికింది కాబట్టి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు చెవులు పోయాయంటే తప్పు వెన్నులో గుచ్చిన సూది మీదికి పోతుంది, సూది మీంచి తన మీదికి వస్తుంది. చెప్పకపోతే పిల్ల సంగతేమిటి? ఏ పక్కకీ కదలలేక సుభద్రమ్మ దాచడం నేర్చుకుంది. అత్త "ఈరీ!" అని కేక వెయ్యగానే తానే పిల్లను ఎత్తుకొచ్చి ముందు నిలబెట్టేది. నీళ్ళకు పోయినా చంకలోంచి దించలేదు.

నెల నిండాక ఆదోని పోయారు. గంగమ్మ కూడా వెంట వచ్చింది. పిల్లల వార్డు వరండాలో లాలాబీ అనే ఆమె, వేలిముద్ర వెయ్యని కాగితం చేతిలో పట్టుకుని కూర్చుంది. ఒళ్ళో ఏడాది పిల్లాడు, వాడికీ ఫిట్సే. నర్సు సుభద్రమ్మను చూసి, "ఇదో, ఈమె బిడ్డకూ వెన్నులో నీళ్ళు తీసినాము. నువ్వే అడుగు" అని లోపలికి పోయింది.

"నిజమా అక్కా? మా మరిది వద్దే వద్దంటాండాడు" అన్నది లాలాబీ.

గంగమ్మ ముందుకొచ్చింది. "తీపిచ్చుకో తల్లీ, ఏం కాదు. మా బిడ్డ సూడు, రాయి మాదిరి ఉండాది. మేము ధైర్యం సేసినాము కాబట్టే కదా!"

లాలాబీ ముఖం విప్పారింది. "పేరేంది? ఈరమ్మా? ఈరమ్మా... ఇటు సూడు తల్లీ!" చప్పట్లు కొట్టింది. పిల్ల గోడ మీద పాకుతున్న చీమల్నే చూస్తోంది. లాలాబీ మళ్ళీ పిలిచింది. చేతులు దించేసింది.

"ఇనపడదా అక్కా?"

గంగమ్మ కోడలి ముఖంలోకి చూసింది. అలసట అని చెప్పొచ్చు, నిద్రమత్తు అని చెప్పొచ్చు. కానీ లాలాబీ ఆ కాగితాన్ని మడిచేస్తోంది.

"ఇనపడదు" అన్నది. "సూది వల్ల కాదు లాలాబీ, జబ్బే తినేసింది. డాక్టరమ్మ ముందే సెప్పింది. నేనే ఒక దినమంతా వద్దన్నా."

"నేను సెప్పలేదా!" గంగమ్మ నెత్తి బాదుకుంది. "ఎన్నులో నీళ్ళు తీస్తే మనిషి కాదని సెప్పలేదా! నా మనవరాలిని సెవిటిదాన్ని సేసినావు కదే, నా ఇంట్లో ఎట్లుంటావో సూస్తా!"

లాలాబీ పిల్లాణ్ణి గుండెకు అదుముకుంది. అత్తను చూసింది, కోడలిని చూసింది. ఒళ్ళో వాడి కాలు ఒకసారి ఎగిరి కొట్టుకుంది.

"ఒక దినమేనా అక్కా, నువ్వు ఆగినది?"

"ఒక దినం, ఒక రాత్రి."

"మావోడికి ఫిట్సు నిన్న పొద్దున్నుంచీ" అంటూ లేచి నర్సును కేకేసింది. "అమ్మా, ఇంకు యాడుంది?"

లోపల డాక్టరమ్మ పిల్ల చెవుల దగ్గర గంట ఊపి, చాలాసేపు ఊపి, చీటీ రాసింది. చెవుల పరీక్షకు కర్నూలు పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నది. గంగమ్మ లోపలికే రాలేదు.

ఎమ్మిగనూరు బస్సులో గంగమ్మ వేరే సీట్లో కూర్చుని, పక్కనున్న వాళ్ళకు మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. బస్సంతా వెనక్కి తిరిగి సుభద్రమ్మను చూసింది. ఆమె చీటీని రవికెలో పెట్టుకుని పిల్లను కిటికీ వైపు తిప్పింది. ఊరు వచ్చే దాకా దిగడానికి లేదు. వచ్చాక పోవాల్సింది ఆ గంగమ్మ ఇంటికే.