ఆకుపచ్చ డీజిల్

"తల ఎక్కడ పెట్టి వచ్చావే?" అని అత్తగారు ఫిలొమీనా ఆ పూట మూడోసారి అడిగింది. డింప్నా తెల్లవారకుండానే లేచి దూడలకి పాలు తాగించింది, పిల్లలిద్దరికీ రొట్టెలు కట్టింది, ఓట్స్ జావ కాచింది. జావలో ఉప్పు మరిచిపోయింది. అదీ నేరం. ఉప్పు వేసి, మాట పడి, కారెక్కింది. ఎనిమిదిన్నరకల్లా ఆట్రాక్టా అనే ముసలామెను మంచం మీంచి లేపి స్నానం చేయించాలి. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి చేసే ఆ ఉద్యోగం ఒక్కటే డింప్నాకి తనదంటూ ఉన్నది.

లీట్రిమ్ ఊళ్లో ఆ రోజు పశువుల సంత. సంత రోడ్డు మలుపులో కస్టమ్స్ వాళ్లు కార్లు ఆపుతున్నారు. ఒకతను ట్యాంకులోకి గొట్టం దించి, కాస్త డీజిల్ లాగి, సీసాని వెలుతురుకి ఎత్తాడు. ఆకుపచ్చగా ఉంది. ట్రాక్టర్ల కోసమని పన్ను తగ్గించి, రంగు కలిపి అమ్మే సరుకు. కారులో పోస్తే కేసు.

"ఇది పొలం డీజిల్ అమ్మా. ఎవరు పోశారు?"

డింప్నా ఆ సీసా వంకే చూసింది. ఎవరు పోశారు? తనేనా? ఆ ఇంట్లో ఏది నింపాల్సి వచ్చినా నింపేది తనే కదా. ట్రాక్టర్‌కి తనే పోస్తుంది, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌లో కిరసనాయిలు తనే చూస్తుంది, నీళ్ల తొట్లు, పాల డబ్బాలు, కడుపులు, అన్నీ తనే. చేతులు అలవాటుకొద్దీ కారులో కూడా పోసేశాయా? పోసి ఉంటే గుర్తుండదా? గుర్తుండదేమో. నీకేం గుర్తుంటుంది అని ఇంటిల్లిపాదీ అంటారుగా.

ముందు ఆఫీసుకి ఫోన్ చేసి ఆట్రాక్టా దగ్గరికి ఇంకొకరిని పంపమంది. తర్వాత సంతలో ఉన్న మొగుడికి చేసింది.

"ఫింటన్, కారులో పచ్చ డీజిల్ దొరికింది. కారు పట్టుకుపోతామంటున్నారు."

అటు వేలం పాట అరుపులు. వాటి మధ్యనుంచే అన్నాడు, "పొరపాటున నువ్వే పోశావని చెప్పు, డిమ్."

"నేను పోశానా?"

"ఎవరు పోస్తే ఏంటే! కారు నీ పేరునే ఉంది. ఆడదానికి ఏ డీజిల్ ఏదో ఏం తెలుసని వదిలేస్తారు. కాస్త ఏడువు కూడా. నా పేరెత్తావంటే ఇంటిదాకా వస్తారు."

"కేసు పడితే నా ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. ముసలాళ్ల ముడ్లు కడగడం కూడా ఓ ఉద్యోగమేనా? ఇంట్లో ఉండి మా అమ్మను చూసుకుందువుగాని."

ఫోన్ పెట్టేశాడు. డింప్నా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే కారులో డీజిల్ అయిపోవచ్చిందని ఎర్ర దీపం వెలిగింది. అది నిజమేనా? నిజమే, పిల్లలు కూడా చూశారు. సోమవారం పొద్దున చూస్తే సగం ట్యాంకు ఉంది. "ఎలా నిండింది?" అని అడిగింది. ఫింటన్ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నువ్వే కదా నిన్న పోయించుకొచ్చింది, మతి పోయిందా?" అన్నాడు. తను సిగ్గుపడింది. పైగా నమ్మింది! కిందటి వేసవిలో గేటు తీసి ఉండి పెయ్యలు రోడ్డెక్కినప్పుడూ అంతే. ఆ రోజంతా పొలంలో ఉన్నది అతను, తప్పు మాత్రం తనది. పదమూడేళ్లుగా ఇలా ఎన్ని తప్పులు తన ఖాతాలో పడ్డాయో, వాటిలో నిజంగా తను చేసినవెన్నో ఇప్పుడు ఎవరినడగాలి? మనిషి సొమ్ము దోచుకునేవాడిని దొంగంటాం. మనిషి జ్ఞాపకాన్ని దోచుకునేవాడిని మొగుడంటున్నాం.

కస్టమ్స్ మనిషి కాగితం తెచ్చాడు. పాపం, మంచివాడే. "పొరపాటున జరిగిందని రాసుకోమంటారా అమ్మా? మా ఆవిడ కూడా ఇంతే, ఏది ఎందులో పోస్తుందో తనకే తెలీదు," అని నవ్వాడు.

డింప్నా నవ్వలేదు. ఇంకా ఎక్కడో ఓ మూల, పోసింది నువ్వేనేమో అని పీకుతూనే ఉంది. ఆ పీకుడు ఇవాళ్టితో పోయేది కాదు.

"పోసింది మా ఆయన," అంది. "పొలం డీజిల్ ట్యాంకు మా గొడ్ల సావిడి వెనక ఉంది. పదండి, చూపిస్తాను."