విమానం మరమ్మతులో ఉంది

సోమవారం ఉదయం కాలేజీ క్రీడల డైరెక్టర్ రాయిస్ లెడ్‌బెటర్ పత్రికలవాళ్లతో ఒక మాట అన్నాడు: "కోచ్ టార్ప్లీ మీద మాకు పూర్తి నమ్మకం ఉంది." అది చదివాక వెండెల్ టార్ప్లీకి కాఫీ సయించలేదు. అలబామాలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ మీద నమ్మకం చచ్చాకే నమ్మకం ఉందని ప్రకటిస్తారు. ఇరవై ఆరేళ్లలో అతను ఈ మాట మూడు ఊళ్లలో విన్నాడు, మూడు ఊళ్లూ ఖాళీ చేశాడు.

వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడిన మనిషికి మిగిలిన ఆశ జెరెల్ ప్రూయిట్ అనే హైస్కూల్ ఆటగాడు ఒక్కడే. బంతిని అలా విసిరే కుర్రాడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడు. వచ్చే బుధవారం వాడు తమ కాలేజీలో చేరతానని సంతకం పెడితే కాలేజీ పెద్దలు ఇంకో ఏడాది ఓపిక పడతారు. లేదంటే అంతే సంగతులు.

గురువారం జెరెల్ వాళ్లింటికి బయల్దేరబోతుంటే లెడ్‌బెటర్ సెక్రటరీ ఫోన్ చేసింది.

"కాలేజీ విమానం మరమ్మతులో ఉంది కోచ్ గారూ. ఇవాళ్టికి కార్లో వెళ్లండి, ఏమీ అనుకోకండి."

ఆమె గొంతులో అంత మర్యాద మునుపెన్నడూ లేదు. వెండెల్ మూడు గంటలు కారు నడిపాడు.

జెరెల్ తల్లి ఒడెస్సా స్కూల్ బస్సు నడుపుతుంది. కొడుకు ప్రాక్టీసులో ఉన్నాడు. ఆమె వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె వడ్డించింది.

"తినండి కోచ్ గారూ. మీవాళ్ల ఆట చూసి నాకే నీరసం వచ్చింది, మీకెలా ఉందో."

"ఇంకో ముక్క వెయ్యండి మేడమ్. ఐదు ఓటములకి ఇది చాలదు."

ఆమె నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది. "సూటిగా అడుగుతా. మావాడు మీ మొహం చూసి వస్తానంటున్నాడు. నాలుగేళ్లూ మీరుంటారా?"

"ఉంటాను," అన్నాడు. ఆ మాట అంత సులువుగా రావడం అతనికే సిగ్గనిపించింది.

ఆమె ఫోన్‌లో విమానాల జాడ చూపే యాప్ తెరిచి అతని కంచం పక్కన పెట్టింది. కాలేజీ విమానం ఏ ఊరు పోతోందో అభిమానులు అందులో పొద్దస్తమానం కనిపెడుతూనే ఉంటారు. కొత్త కోచ్‌ని తేవడానికి అదే విమానం పోతుంది కాబట్టి, అతనెవరో ముందుగా తెలిసేది అక్కడే.

"పదింటికి లేచింది మీ విమానం. మీరే వస్తున్నారనుకుని చూస్తూ కూచున్నా. అదేమో ఆర్కన్సాలో దిగింది."

వెండెల్ ఆ ఫోన్ వంక చూశాడు. తన సహాయకుడు మరో కుర్రాణ్ణి చూడ్డానికి వెళ్లాడంటే ఆమె నమ్ముతుంది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అతనికి భయంగా ఉంది. యాభై నాలుగేళ్ల వాణ్ణి ఇక ఎవరు పిలుస్తారు?

"బుధవారం వాడిచేత సంతకం పెట్టించకండి," అన్నాడు చివరికి. "ఆ విమానంలోంచి దిగేవాడు మీవాణ్ణి ఆడిస్తాడో బెంచీ మీద కూచోబెడతాడో నాకు తెలీదు."

"మరి మీ సంగతి?"

అతను జవాబు చెప్పేలోగా అతని ఫోన్ మోగింది. లెడ్‌బెటర్.

"ఎక్కడున్నావ్ వెండెల్?"

"ప్రూయిట్ వాళ్లింట్లో."

"కుర్రాడు ఒప్పుకున్నాడా?"

"లేదు. వద్దని నేనే చెప్పాను."



"సరే," అన్నాడు లెడ్‌బెటర్ నెమ్మదిగా. "జాగ్రత్తగా నడుపు. ఆ కారు కాలేజీది."