అట్టలబ్బాయి ఇచ్చిన నవల

మా ఇంట్లోకి కొత్త నవల వస్తే మొదట చేసే పని దాన్ని కోయడం. చదివేవాళ్ళం ముగ్గురం, పుస్తకం ఒకటి, ఓపిక ఎవరికీ లేదు. అందుకని మా అత్తయ్య కూరగాయల కత్తితో కుట్టు దగ్గర నిలువునా కోసి మూడు భాగాలు చేస్తుంది. మొదటిది నాది, నడిమిది మా ఆయనది, చివరిది అత్తయ్యది. "ఈ వయసులో మొదటి పేజీ నుంచి మొదలుపెడితే ముగింపు దాకా ఉంటానో ఊడతానో" అంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, మాటల మధ్యలోకి దూరడం ఆవిడకు కొత్త కాదు. తర్వాత భాగాలు మార్చుకుంటాం గానీ, అప్పటికే ఎవరి తీర్పు వాళ్ళం ఇచ్చేసి ఉంటాం.

దీనివల్ల మా అభిప్రాయాలు కాస్త వంకరగానే ఉంటాయి. నాకు నవలల్లోని మగవాళ్ళంతా మంచివాళ్ళుగా కనిపిస్తారు, మొదట్లో అందరూ మంచివాళ్ళే కదా. ఈమధ్య చదివిన ఒకదాంట్లో రిటైరైన జడ్జి ఒకాయన నా భాగం పొడుగునా కిటికీ దగ్గర కూర్చుని వాన చూశాడు. లేచి ఆ కిటికీ మూయవయ్యా అని అరవాలనిపించింది. అత్తయ్య భాగానికి వచ్చేసరికి ఆయన పోయాడు. "పోయిందెవరో గానీ అందరూ బాగా ఏడ్చారు" అని ఆవిడ తృప్తిపడింది. ఇంకో నవలలో కథంతా ఒక లిఫ్టు చెబుతుంది. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. "కేబుల్ తెగితే లిఫ్టు కింద పడిపోదు, బ్రేకు పట్టేస్తుంది. ఇది రాసినవాడు జన్మలో లిఫ్టు ఎక్కాడా?" అని అన్నం మానేసినంత పని చేశాడు. ఆ లిఫ్టు ప్రేమలో పడటం మీద మాత్రం ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు.

మా ఆడపడుచు చిట్టి ఒక్కతే పుస్తకం ముట్టదు. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో ఉద్యోగం. ఇంటికొచ్చాక అక్షరాలు చూస్తే నిద్ర ముంచుకొస్తుందంటుంది. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను కాబట్టి పరీక్ష కూడా చేయించాను. కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. భోజనాల దగ్గర మేం నవలల గురించి కొట్టుకుంటుంటే మాత్రం చెయ్యి ఎండిపోయేదాకా వింటూ కూర్చుంటుంది.

అలాంటి పిల్ల ఒక సాయంత్రం ప్లాస్టిక్ అట్ట వేసిన నవల తెచ్చి, బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అత్తయ్య దాని పని పట్టేసింది.

"అమ్మా! అది మనది కాదు!" అని చిట్టి తువ్వాలుతో సహా కుర్చీలో కూలబడింది.

మెల్లగా సంగతి బయటికొచ్చింది. పన్ను విరిగి పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చిన ఈత మాస్టారు ఒకతను, తన వంతు కోసం కూర్చుని ఆ జడ్జిగారి నవల చదువుకుంటున్నాడట. ల్యాబు నుంచి కట్టుడు పళ్ళ డబ్బా ఇవ్వడానికి వెళ్ళిన చిట్టి ఊరుకోలేక, "చివర్లో అందరూ బాగా ఏడుస్తారండీ" అందట. అక్కణ్ణుంచి మొదలు. అతను ప్రతి పుస్తకానికీ అట్ట వేస్తాడు, పేజీ మడిస్తే విలవిల్లాడతాడు. అత్తయ్య అప్పటికప్పుడే అట్టలబ్బాయి అని పేరు పెట్టేసింది. మా కంచాల దగ్గర పుట్టిన మాటలన్నీ చిట్టి నోటి మీదుగా అతని చెవిన పడుతున్నాయి. ఇంత బాగా చదివే అమ్మాయిని చూడలేదన్నాడట. తనకు ప్రాణమైన నవల కూడా చేతిలో పెట్టాడు.

"ఇన్నాళ్ళకి ఒక మనిషి నచ్చాడు వదినా," అంది చిట్టి. "నేను చదవనని తెలిస్తే ఇంక నా మొహం చూస్తాడా? అతనికి నచ్చింది నేను కాదు, మీ ముగ్గురూనూ."

"పోనీ ఇప్పుడు చదవడం నేర్చుకోవే," అన్నాను.

"రెండో పేజీకే గురక పెడతాను. నీకు తెలీదా?"

నాకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. కోయడం ఎలాగూ కోశాం, అతికించేలోగా చదివేద్దామని ముగ్గురం మొదలుపెట్టాం. మాకు సిగ్గు కాస్త తక్కువే.

డ్రైక్లీనింగ్ షాపు నడిపే ఒకావిడ ఒకరోజు షట్టరు దించి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయే కథ అది. భర్త ఊరూరా వెతుకుతాడు. చివరికి ఆవిడే తిరిగొస్తుంది. ఆ వారమంతా మా భోజనాలు యుద్ధాలే. చిట్టి వినేది, మర్నాడు ఫోనులో అతనికి చేరవేసేది. పుస్తకం మాత్రం ఇంకా అవలేదండీ అని వాయిదా వేసేది.

ఆదివారం సాయంత్రం బెల్లు మోగితే నేనే తలుపు తీశాను. పొడుగాటి మనిషి, జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"చిట్టిగారున్నారా? ఇటు పనుండి వచ్చాను, ఆ పుస్తకం తీసుకెళ్దామని."

పనేమీ లేదని మొహమే చెబుతోంది. లోపలికి రమ్మన్నాను, ఇంకేం చేస్తాను? వచ్చాడు, చూశాడు. సోఫాలో అత్తయ్య చేతిలో ముగింపు. కుర్చీలో మా ఆయన చేతిలో నడిమి భాగం. మొదటి భాగం నా చేతిలోనే ఉంది, పేజీల మధ్య వేలుతో సహా. అతని మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. వంటింట్లోంచి వచ్చిన చిట్టి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

ఇబ్బందిగా ఉన్నప్పుడు మా అత్తయ్య ఎక్కువ మాట్లాడుతుంది. "కూర్చో బాబూ. ఎంత బాగుందో నవల. తిరిగొచ్చిన మనిషిని ఎక్కడికెళ్ళావని ఒక్కరూ అడగలేదు చూడు, టీ పెట్టిచ్చారంతే. అదీ ముగింపంటే!"

అతను చిట్టి వైపు తిరిగాడు. ఇదే మాట, పొల్లు పోకుండా, మొన్న ఆమె నోటనే విన్నాడు.

"మరి ఊరూరా వెతికేవాడికి పెళ్ళాం చెప్పుల సైజే తెలీదన్నదీ?" అన్నాడు నెమ్మదిగా.

మా ఆయన చెయ్యెత్తాడు.

"వెళ్ళిపోవడం తప్పు కాదు, అంత ఆలస్యంగా వెళ్ళడమే తప్పన్నదీ?"

"నేనండీ," అన్నాను. ఇంక దాచి లాభమేముంది?

"నేనసలు చదవనండీ," అంది చిట్టి. "ఒక్క పుస్తకం కూడా చదవలేదు. వీళ్ళ మాటలే మీకు చెప్పాను. కొత్తది కొనిచ్చేస్తాను, మీరింక..." అని ఆగిపోయింది.

మా ఇంటి అలవాటు మీద నాకు మొదటిసారి ఒళ్ళు మండింది.

అతను మూడు భాగాలూ అడిగి తీసుకున్నాడు. వరుసగా పేర్చి, అంచులు సరిచేసి, తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"ఇంకొకటి మిగిలింది. ఆవిడ షట్టరు దించి వెళ్ళింది సరే, లోపల జనం ఇచ్చిన బట్టలున్నాయి కదా, వాటిని ఎవరు తిరిగిచ్చారూ అని. ఆ మాట ఎవరిది?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను అత్తయ్య వైపు చూశాను.

"నా భాగంలో బట్టల ఊసే లేదు బాబూ," అంది అత్తయ్య.

"ఎన్నిసార్లు చదివానో ఈ నవల. ఒక్కసారి కూడా నాకా ప్రశ్న రాలేదు. విన్నప్పట్నుంచీ అదే పట్టుకుంది నన్ను."

"అది నేనే," అంది చిట్టి నేల చూపులు చూస్తూ. "వీళ్ళు ఆయన గురించీ ఆవిడ గురించీ కొట్టుకుంటుంటే, నాకు ఆ బట్టలే గుర్తొచ్చేవి. చెప్పకుండా మా ల్యాబు మూసేస్తే ఎవరి పళ్ళు వాళ్ళకెలా చేరతాయి? ఆ షాపులో ఎవరివో పెళ్ళి బట్టలుండే ఉంటాయండీ. మర్నాడే కట్టుకోవాల్సినవి."

అతను పుస్తకం బల్ల మీద పెట్టేశాడు. కుర్చీ లాక్కుని చిట్టి ఎదురుగా కూర్చున్నాడు. మేం ముగ్గురం అక్కడున్న సంగతే మర్చిపోయినట్టున్నాడు.

"అయితే ఆ పెళ్ళికూతురు ఏం చేసుంటుందంటారు?"

"షట్టరు పగలగొట్టి ఉంటుందండీ," అంది చిట్టి, ఏమాత్రం తడుముకోకుండా.